‘నన్నొగ్గీండి’ అన్న మాటకు జరిగిన అన్యాయం

తేదీలు నా డైరీల్లో ఉన్నాయి. ఇక్కడ పండుగలు, ఋతువులు చాలు. ఈ ఊళ్లో ఎవరైనా వాటితోనే లెక్క కట్టుకుంటారు.

బెంగాలీవాళ్ల ఉగాది, పొయిలా బైశాఖ్‌కు ముందు వారం: సినీనటి చారులేఖ జీవితం మీద డాక్యుమెంటరీ తీస్తున్న అర్క అనే యువదర్శకుడు భవానీపూర్‌లోని మా ఇంటికి వచ్చి, ఆమె చికిత్స నాటి వీడియో క్యాసెట్టు తీసుకువెళ్లాడు. జనానికి చూపేముందు నాకు చూపుతానని మాట ఇచ్చాడు.

రథయాత్ర రోజులు: మా వరండాలో నన్ను కూర్చోబెట్టి ఒక మధ్యాహ్నమంతా మాట్లాడించారు. వెలుతురుకు అడ్డమని పుస్తకాల బీరువా జరిపి, జరిపినచోటే వదిలి వెళ్లారు.

మహాలయకు ముందు: చిత్రం పూర్తయిందన్న సంగతి గోడమీది పోస్టరు చూసి తెలుసుకున్నాను.

కాళీపూజ తరువాత, మొదటి ప్రదర్శన: ఎవరి జీవితాన్ని తెర మీద చూపుతున్నారో ఆమె చక్రాల కుర్చీని ముందు వరుస అంచున, గోడ వారగా పెట్టారు. అక్కడినుంచి తెర అడుగున పడే అక్షరాలు కనిపించవు.

అదే ప్రదర్శన: నా మధ్యాహ్నమంతా ఒక్క వాక్యమైంది. నా ముఖం కింద ‘మాలిష్ చేసేవారు’ అని బెంగాలీలో వేశారని తరువాత తెలిసింది.

అదే ప్రదర్శన: ఆమె నోటినుంచి వచ్చిన ఒక తెలుగు మాటకు, ఆమె కలలో కూడా అనని అర్థం అంటగట్టారు.

ఆ తరువాత చలికాలమంతా: ఉత్తరాలు రాశాను. ప్రతిదానికీ ఫోను వచ్చింది. కాగితం రాలేదు.

వీటిలో బీరువా సంగతి, మాలిష్ సంగతి నా పరువుకు సంబంధించినవి. కోపం వచ్చింది, దాచుకోను. కానీ ఆ తెలుగు మాట నాది కాదు. అది ఒక రోగి తన చికిత్సకుడితో అన్న మాట. ఫిజియోథెరపీలోకి కొత్తగా అడుగుపెడుతున్న పిల్లలకోసం నా ఉద్యోగ జీవితంలోంచి కొన్ని సంగతులు రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఆ మాటతోనే మొదలుపెట్టవలసి వస్తుందని అనుకోలేదు.

మంచం మీద పడుకుని నేర్చుకున్నది

నాకు పని నేర్పిన పెద్దసారు బెంగాలీ. మాట కరుకు, చెయ్యి మెత్తన. ఆసుపత్రిలో చేరిన కొత్తలో ఆయన మమ్మల్ని రోగులను ముట్టనివ్వలేదు. మమ్మల్నే రోగుల్లా పడుకోబెట్టారు. కాళ్లు కదపకూడదు, నడుము బిగించకూడదు. తోటివాళ్లు వచ్చి మంచం మీదినుంచి కుర్చీలోకి మార్చాలి. చంకల కింద చేతులు పెట్టి లాగినవాడిని ఆపి, పడుకున్నవాడితో అనేవారు: “ఎలా ఉందో వాడి ముఖం మీదే చెప్పు.”

చెప్పేవాళ్లం. బస్తాలా ఉందని ఒకడు, దొంగను ఈడ్చినట్టుందని ఒకడు. ఆ తరువాత ఎవరమూ ఎవరినీ అలా లాగలేదు.

మా నాన్నగారు బ్యాంకు ఉద్యోగం మీద విజయనగరం నుంచి వచ్చినవారు. అందుచేత వాట్‌గంజ్ రేవు వైపునుంచి తెలుగువాళ్లు ఎవరు వచ్చినా వార్డులో దుబాసీ పని నాదే. అలా వచ్చినవారిలో పక్షవాతం తగిలిన ఒక రేవు కూలీ ఉండేవాడు. జబ్బు అతని భుజాన్ని వదులు చేసింది, అంతే. దాన్ని కీలు తప్పించింది కొడుకులు. ప్రతి పూటా తండ్రిని లేపడానికి చచ్చుబడిన చెయ్యే పట్టుకుని లాగారు. “అయ్యని సుకంగా కూకోబెట్టాలని లాగినామండి” అని పెద్దవాడు ఏడ్చాడు. ప్రేమ ఉన్నంత మాత్రాన పట్టు తెలియదు. రోగి బంధువులను కసరకండి. ఎక్కడ పట్టుకోవాలో వాళ్ల చేతులు మీ చేతుల్లోకి తీసుకుని చూపండి.

మా పెద్దసారులో ఒక లోపం ఉండేది. పట్టుకోవడం ఆయనంత బాగా ఎవరూ నేర్పలేరు. వదలడం ఆయన నేర్పలేదు. రోగి పడితే ఆసుపత్రి పరువు పోతుందని భయం. చాలామంది మంచి అధికారుల్లో ఈ భయం చూశాను. ఆ భయం రోగికి అలవాటైపోతుంది.

కూర్చోవడానికి మాస్టారు

చారులేఖ అసలు పేరు నరసమ్మ. తండ్రి శ్రీకాకుళం వైపునుంచి రేవు పనికి వచ్చాడు. ఆమె వాట్‌గంజ్‌లో పుట్టి పెరిగింది. తెర మీద ఆమె బెంగాలీ విన్నవారెవరికీ అనుమానం రాలేదు. నొప్పి వచ్చినప్పుడూ కోపం వచ్చినప్పుడూ మాత్రం తెలుగే.

ఒక సినిమా సెట్టులో, చెక్కపలకలతో కట్టిన మేడ వరండా ఆమె కింద విరిగింది. పడగానే పనివాళ్లందరూ పరుగెత్తుకొచ్చి, కాళ్లొకరు చేతులొకరు పట్టుకుని ఎత్తి, టాక్సీ వెనకసీట్లో మడిచి పడుకోబెట్టి తెచ్చారు. ఆమె అంటే ప్రాణం పెట్టే మనుషులే వాళ్లు. వెన్నెముక పడినప్పుడు ఎంత దెబ్బతిన్నదో, ఎత్తినప్పుడు ఎంత దెబ్బతిన్నదో ఎవరూ రుజువు చేయలేరు. ఆ టాక్సీ ప్రయాణమే ఎక్కువ చెడుపు చేసిందని నా అభిప్రాయం. వెన్ను దెబ్బ అనుమానం ఉంటే మనిషిని కదపవద్దని మీ వీధిలో అందరికీ చెప్పండి.

నడుము కిందినుంచి స్పర్శ పోయింది. నేను మొదటిరోజు ఆమె మంచం దగ్గర తెలుగులో నమస్కారం పెట్టగానే కళ్లు పెద్దవి చేసింది.

“తెలుగోలా మీరు! ఆ ముక్క ముందే సెప్పొచ్చు కదా. పొద్దున్నించీ బంగాలీలో మూలగలేక సస్తన్నాను.”

నవ్వాను. ఆమె నవ్వలేదు.

“మాస్టారూ, నిజం సెప్పండి. నాను మల్లీ డేన్సు కడతానా?”

“కట్టరు.”

“నడుస్తానా?”

“ఇదివరకటిలా నడవరు.”

“మరేటి సేస్తాను?”

“ముందు కూర్చోవడం నేర్చుకుంటారు.”

“ఓలమ్మో! కూకోడానికి కూడా మాస్టారా!”

రోగి అడిగినదానికి అబద్ధం చెప్పకండి. కానీ లేదు అన్న ప్రతిసారీ, రేపు ఉదయం చేయగలిగిన పని ఒకటి దాని వెంట చెప్పండి. నరసమ్మగారు కూర్చోవడం నేర్చుకున్నారు. తరువాత మంచం మీదినుంచి కుర్చీలోకి తానే మారడం నేర్చుకున్నారు. నన్ను తిట్టడం మాత్రం ఎవరూ నేర్పనక్కరలేకపోయింది.

కమ్మీల మధ్య

ఆ క్యాసెట్టు మా పెద్దసారు విద్యార్థులకు చూపడానికి తీసినది. కెమెరా ఆయన చేతిలోనే ఉంది. మోకాళ్లు మడతపడకుండా కాళ్లకు లోహపు క్యాలిపర్లు బిగించి, రెండు కమ్మీల మధ్య నరసమ్మగారిని నిలబెట్టాం. నడుము బెల్టు నా చేతిలో. ఎదురుగా నిలువుటద్దం.

ఆమె కమ్మీలు పట్టుకుని ఊపిరి తీసుకుంది. తరువాత అంది: “నన్నొగ్గీండి మాస్టారూ.”

కెమెరా వెనకనుంచి పెద్దసారు బెంగాలీలో ఏమంటోందని అడిగారు. చేతులు తీయమంటోందన్నాను. ఆయన గట్టిగా కేకవేశారు: “ఛేడో నా! ఛేడో నా!” వదలకు, వదలకు అని.

“ఒగ్గీండి అంటన్నానా!”

ఒకవైపు అధికారి, ఒకవైపు రోగి. ఆమె మోచేతులు చూశాను, వణకడం లేదు. బెల్టు వదిలి, చేతులు ఆమెకు ఆనకుండా పక్కనే ఉంచాను. ఆమె నిలబడింది. అద్దంలో తనను చూసుకుంది. ఒక చెయ్యి కమ్మీ మీదినుంచి తీసి, చెదిరిన జుట్టు చెవి వెనక్కి సర్దుకుంది. ఆ తరువాతే నడుము దగ్గర పట్టు తప్పి నా చేతుల్లోకి ఒరిగింది, “ఓరి నాయనో, నిలుసున్నాన్రా!” అని పకపకా నవ్వుతూ.

పెద్దసారు నన్ను గదిలోకి పిలిచి తిట్టారు. తిట్టాక టీ తెప్పించారు. ఆ తరువాత వచ్చిన ప్రతి విద్యార్థి బృందానికీ ఆ టేపు వేసి, “ఈ మాట వినిపించే రోజుకోసమే మీరు పనిచేయాలి” అని చెప్పేవారు. పదవీ విరమణ రోజున క్యాసెట్టు నాకిచ్చారు.

నరసమ్మగారు నడవలేదు. ఇంటికి చక్రాల కుర్చీలోనే వెళ్లారు, ఇప్పటికీ అందులోనే ఉన్నారు. తన స్నానం, తన బట్టలు, తన వంట ఆమే చూసుకుంటారు. ఎన్నో ఏళ్లు రేడియో నాటకాల్లో గొంతు ఇచ్చారు. వెన్ను దెబ్బతో కొత్తగా చేరినవారిని చూడడానికి వారం వారం ఆసుపత్రి వార్డుకు వస్తారు. వస్తూనే అడిగేది, “భోంచేశారా?” అని. ధైర్యం గురించి ఉపన్యాసం ఇవ్వడం ఆమెకు రాదు.

ముందు వరుస అంచున

మొదటి ప్రదర్శనకు నన్ను ఆమే తీసుకువెళ్లారు. ఆమె పక్కనే కూర్చున్నాను కనుక తెర అడుగున అక్షరాలు నాకూ కనిపించలేదు.

మా టేపు వచ్చింది. దాని కింద సరోద్ వాయిద్యం పెట్టారు. “నన్నొగ్గీండి మాస్టారూ” వినిపించింది. “ఛేడో నా! ఛేడో నా!” వినిపించింది. మళ్లీ “ఒగ్గీండి అంటన్నానా!” అంతే, తెర నల్లబడింది. హాలంతా వెక్కిళ్లు.

నరసమ్మగారు నా వైపు వంగారు. “ఏటి మాస్టారూ, ఈల్లంతా ఏడుస్తన్నారేటి? నాను పడిపోనానా?”

“లేదే.”

“మరి జుట్టు సర్దుకున్నానే, అదేదీ? సీర కూడా మంచిది కట్టుకున్నాను ఆ రోజు!”

దీపాలు వెలిగాక ఒక పెద్దావిడ వచ్చి ఆమె కాళ్లు ముట్టుకుని బావురుమంది. “దిది, చచ్చిపోతాను, వెళ్లిపోనివ్వండి అని అంతలా వేడుకున్నారా! ఆ డాక్టరు వెళ్లనివ్వను అన్నాడు కాబట్టి బతికారు!”

నరసమ్మగారు నన్ను చూశారు. నేనేదో ఆమెకు తెలియకుండా దాచినట్టు చూశారు.

తిరుగు టాక్సీలో మాత్రం నవ్వారు. “తెర మీద నాను సానాసార్లు సచ్చిపోనాను మాస్టారూ. ప్రతిసారీ ముందుగా డైలాగు రాసిచ్చేవోరు. ఈసారి నాకు సెప్పకండా సంపేసినారు.”

“దీన్ని ఊరుకోకూడదు” అన్నాను.

“పోన్లెండి, ఒగ్గీండి. కుర్రోడు, ఏదో కష్టపడి తీసుకున్నాడు.”

ఇక్కడ ఒగ్గీండి అంటే పట్టించుకోకండి అని. మాట ఒకటే. ఎవరి చెయ్యి ఎక్కడుందో చూస్తే తప్ప అర్థం తెలియదు.

మాట నడిచిన దారి

పొరపాటు ఎక్కడ జరిగిందో తెలుసుకోకుండా ఎవరినీ నిందించడం నాకు ఇష్టం లేదు. చిత్రం చివర పేర్లలో తెలుగు మాటలు అనువదించిన అమ్మాయి పేరు పట్టుకుని, న్యూ టౌన్‌లో ఆమె పనిచేసే ఆఫీసు కిందికి వెళ్లాను. తేజస్విని నిజామాబాద్ పిల్ల. నేను చెప్పినదంతా విని రెండు చేతులూ చెంపల మీద పెట్టుకుంది.

“అయ్యో సార్! మా దిక్కు ఒగ్గు అంటే ఒగ్గు కథనే ఎరుక. నాకు సమజ్ కాలే. వైజాగ్ ఫ్రెండుని అడిగిన, ‘వదిలెయ్యండి’ అని అర్థమన్నడు. అందుకే ఇంగ్లీషుల ‘లెట్ మీ గో’ అని రాసిన. తప్పా సార్?”

“తప్పు కాదమ్మా. బొమ్మ చూశావా?”

“బొమ్మ యాడ సూపిన్రు సార్? గొంతు ముక్క ఒక్కటే ఫోన్ల పంపిన్రు. ఆమె నిలబడ్డదని గూడ నాకు తెల్వదు.”

బెంగాలీ అక్షరాలు వేసినవాడు తెలుగు వినలేదు, ఇంగ్లీషు చదివాడు. ‘లెట్ మీ గో’ను ‘ఆమాకే జేతే దిన్’ చేశాడు. నన్ను వెళ్లిపోనివ్వండి. మంచం పట్టిన మనిషి నోట ఆ మాట వస్తే బెంగాలీలో దానికి ఒకటే అర్థం. దాని పక్కన పెద్దసారు ‘ఛేడో నా’ చేరేసరికి, చావు కోరే ఆడమనిషి, వదలనంటున్న డాక్టరు. చూసేవాడికి చక్కగా అతికింది. నేను చేతులు తీసిన ముక్క, ఆమె నిలబడిన ముక్క, నవ్విన ముక్క దానికి అతకలేదు. కోసేశారు.

ఇంతవరకు దీనిలో ఎవరి దురుద్దేశమూ లేదు. ఒక్కొక్కరూ తమ ముక్క సరిగానే చేశారు. మన వృత్తిలోనూ ఇలాగే జరుగుతుంది: ఒకరు ఎముక చూస్తారు, ఒకరు కండరం చూస్తారు, మనిషిని చూడలేదని ఎవరికీ తెలియదు.

దురుద్దేశం అనకపోయినా మొండితనం అనదగ్గది ఆ తరువాత మొదలైంది. నా ఉత్తరం అందాక అర్క ఫోను చేశాడు, బాబాయిని పిలిచినట్టు కాకూ అంటూ.

“కాకూ, మీరు చెప్పింది నిజమే కావచ్చు. కానీ ఆ చోట హాలంతా ఏడుస్తుంది. అదే సినిమాకు గుండె.”

“ఆమె అనని మాట ఆమె సినిమాకు గుండె ఎలా అవుతుంది బాబూ?”

“దిది ఏమీ అనలేదు కదా. మీకే ఎందుకంత కోపం?”

ఆమె నిజంగానే ఏమీ అనలేదు.

నందిత మంచం దగ్గర

ఫాల్గుణం వచ్చేసరికి ఆ చిత్రం అందరి ఫోన్లలోకీ చేరింది. వార్డులో నందిత అనే డాన్సు టీచరు ఉంది. వేదిక మెట్లమీదినుంచి పడి నడుము విరిగింది. చేతుల్లో మంచి బలం ఉంది. కమ్మీల మధ్య నిలబెట్టడానికి తగిన రోగి. నరసమ్మగారు ఆమెను చూడడానికి వచ్చిన రోజున నేనూ వెంట ఉన్నాను. అక్కడి చికిత్సకురాలు, నా దగ్గర చదువుకున్న పిల్లే, నడుము బెల్టు కట్టబోతోంది. నందిత ముఖం గోడవైపు తిప్పుకుని అంది:

“ఆమాకే జేతే దిన్.”

సినిమాలో తెర అడుగున వేసిన మాట, నరసమ్మగారి విరుపుతో.

నరసమ్మగారు కుర్చీ దగ్గరికి జరిపి బెంగాలీలో అన్నారు, “ఆరే బాబా, నేనా మాట అనలేదమ్మా. చేతులు తీయమన్నాను. నిలబడ్డాను. ఈయన్నే అడుగు.”

“మీరు నన్ను ఓదార్చడానికి అంటున్నారు దిది.” నందిత గొంతులో కోపం లేదు, దయ ఉంది. అది ఇంకా కష్టంగా ఉంది. “మీ గొంతు విన్నాను, కింద అక్షరాలు చదివాను. అంత పెద్ద నటి, మీరే చావనివ్వమని అడిగారు. నేనెంత?”

బెల్టు విప్పేశారు. ఆ రోజుకు లేవలేదు. ఆ తరువాతా లేవలేదు. కండరం ఎవరి బాధ తీరేదాకానూ ఆగదు; నిలబెట్టవలసిన రోజుల్లో నిలబెట్టకపోతే బిగుసుకుపోతుంది.

నడవాలోకి వచ్చాక నరసమ్మగారు కుర్చీ ఆపి నా వైపు తిప్పుకున్నారు.

“మాస్టారూ, రాయండి. నాను ఒగ్గీమన్నాను కదా, ఇప్పుడు సెప్తన్నాను, ఒగ్గకండి. నన్నేటన్నా పరవాలేదు. నాను ఎదురుగా కూకుని కాదంటే ఆ గుంట నమ్మట్లేదు, ఆ బొమ్మని నమ్ముతోంది. గట్టిగా రాయండి!”

కనుక

దర్శకుడు అర్కకూ, ఆ చిత్రం నిర్మించినవారికీ ఈ వ్యాసం ద్వారా, విడిగా రిజిస్టర్డు పోస్టు ద్వారా, నరసమ్మగారి సమ్మతితో అడుగుతున్నాను.

తెర అడుగున బెంగాలీ, ఇంగ్లీషు అక్షరాలు రెండింటినీ ‘మీ చేతులు తీయండి, నేను నిలబడతాను’ అన్న అర్థం వచ్చేట్టు మారుస్తారా, లేదా? తెర నల్లబడేచోట కోసేసిన భాగాన్ని, ఆమె నవ్వేదాకా, తిరిగి చేరుస్తారా, లేదా? మార్చడానికి సమయం పడుతుందంటే అర్థం చేసుకోగలను. ఈలోగా ఆమె ఆ రోజు మరణం కోరలేదని, ఆ అర్థం మీ చిత్రంలో జరిగిన పొరపాటు వల్ల వచ్చిందని మీ సంతకంతో రాసి ఇవ్వండి.

మాలిష్ చేసేవారు అన్నదాన్ని మార్చినా మార్చకపోయినా నాకు అభ్యంతరం లేదు.

జవాబు నాకు పంపవద్దు. నరసమ్మగారి పేరిట పంపండి. బెంగాలీలో, పెద్ద అక్షరాలతో, కాగితం మీద రాయండి. ఫోను చేయవద్దు. ఫోనులో అన్నమాటను తీసుకువెళ్లి నందిత చేతిలో పెట్టలేం.